పచ్చిక ఎత్తి చూసే పనితనం

లాన్‌కి వేరుపురుగు పట్టిందేమో చూడమని పని తెలిసిన మనిషిని పిలిస్తే ముందు పార అడుగుతాడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు కొలత చూసుకుని గడ్డిని మూడు పక్కలా కోస్తాడు. లోతు రెండు మూడు అంగుళాలు, అంతకు మించదు. నాలుగో పక్క ముట్టుకోడు. కోసిన ముక్క కిందికి పార మొన చొప్పించి, వేళ్లతో సహా వెనక్కి తిప్పుతాడు. బయటపడ్డ మట్టిని చేత్తో చిదుముతాడు, తిప్పిన గడ్డి వేళ్లని దులుపుతాడు, తెల్లగా ముడుచుకుని పడుకున్న పురుగుల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి లెక్కపెడతాడు. లెక్క అయ్యాక గడ్డిని మళ్లీ దాని చోట పరిచి, పాదంతో అదిమి, కాసిని నీళ్లు పోస్తాడు. నాలుగో పక్క వేళ్లు తెగలేదు కనుక కొన్నాళ్లకు ఆ కోత ఎక్కడ పెట్టాడో వెతుక్కోవాల్సిందే.

కొయ్యడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎక్కడ కొయ్యాలన్న దగ్గరే అనుభవం బయటపడుతుంది. కొత్తవాళ్లు లాన్‌లో బాగా ఎండిన చోటు నడిమధ్యకి వెళ్లి తవ్వుతారు. అక్కడ ఏమీ దొరకదు. తినడానికి వేరు మిగలని చోట పురుగు ఎందుకుంటుంది? ఎప్పుడో పక్కకి జరిగిపోయి ఉంటుంది. పని తెలిసినవాడు గోధుమరంగు ఆగి పచ్చదనం మొదలయ్యే సరిహద్దు వెతుక్కుంటాడు. అక్కడ ఒకటి, ఇంకాస్త దూరంలో ఒకటి, పచ్చగా నవనవలాడుతున్న చోట కూడా ఒకటి కోసి చూస్తాడు. ఒక్క కోత చూసి మందు రాసిచ్చేవాణ్ణి నేనైతే నమ్మను. ఈ పురుగు లాన్ అంతా సమానంగా పరుచుకుని ఉండదు, ఒకచోట ముప్పై ఉంటే నాలుగు గజాల అవతల ఒక్కటీ ఉండదు.

ఆగస్టు నెలాఖరులో గడ్డి ఎండితే దానికి కారణాలు బోలెడు. నీళ్లు చాలకపోవచ్చు, బూజు తెగులు కావచ్చు, పక్కింటి కుక్క రోజూ అక్కడే ఆగుతుండవచ్చు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా కనబడతాయి. తేడా తెలిసేది పిడికిటి నిండా గడ్డి పట్టుకుని లాగినప్పుడు. నీళ్లు లేక ఎండిన గడ్డి నేలని వదలదు, ఆకులు చేతికొస్తాయి తప్ప వేరు రాదు. వేరుపురుగు తిన్న గడ్డి చుట్టిన చాప ఎత్తినంత తేలిగ్గా లేచి వచ్చేస్తుంది, దాన్ని నేలకి పట్టి ఉంచే వేళ్లు ఎప్పుడో పోయాయి కనుక. దానికంటే ముందే అరికాలు చెబుతుంది. తెల్లవారుజామున చెప్పుల్లేకుండా నడిస్తే ఆ మేర నేల మెత్తగా కుంగుతుంది. గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది కూడా, కానీ నీళ్లు ఎంత పెట్టినా మధ్యాహ్నానికి వడలిపోతుంటే అప్పుడు పార తియ్యాలి. అమెరికాలోనైతే రాత్రికి రాత్రి రకూన్లో స్కంకులో వచ్చి పచ్చికంతా పెళ్లగించి పోయాయంటే ఇక అనుమానించేదేమీ లేదు. ఆ జంతువుల్ని తిట్టుకుంటారు గానీ, అవి మనకంటే ముందు పసిగట్టాయంతే.

ఇదే చూపు అనంతపురం రైతుకి బాగా తెలుసు. వేరుశనగ చేలో పచ్చని సాళ్ల మధ్య అక్కడక్కడా మొక్కలు వాడిపోతే, వంగి ఒక మొక్క పట్టుకుంటాడు. సుళువుగా ఊడి వస్తే, కింద మట్టి గీకితే, వేరుపురుగు. అదీ ఇదీ ఒకే పెంకుపురుగుల కుటుంబం, పేడపురుగూ కొబ్బరికి పట్టే కొమ్ముపురుగూ కూడా ఆ కుటుంబంవే. తొలకరి వాన పడగానే తల్లిపురుగులు సందెవేళ నేలలోంచి లేచి వేపచెట్ల మీదికి, రేగుచెట్ల మీదికి చేరతాయి. కొమ్మలు దులిపి, రాలినవాటిని కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేసి చంపడం అక్కడి పద్ధతి. ఊరంతా ఒకే సాయంత్రం పూనుకుంటేనే ఫలితం. ఒక్కడు చేస్తే పక్క చేలోవి వచ్చి గుడ్లు పెట్టి పోతాయి.

అయితే లాన్ వేరుపురుగు కథ చెప్పుకోవాలంటే న్యూజెర్సీ వెళ్లాలి. ఎడిసన్‌లోనో, సౌత్ బ్రన్స్‌విక్‌లోనో ఇల్లు కొనుక్కుని, వెనక పెరట్లో గోంగూర, బెండ పెట్టుకున్న తెలుగు కుటుంబాలకి జూలైలో ఆకుల్ని జల్లెడ చేసే ఒక పురుగు తెలిసే ఉంటుంది. ఆకుపచ్చ లోహం మెరుపు తల, రాగిరంగు రెక్కలు, ఒంటికి రెండు పక్కలా ఐదేసి, వెనక రెండు తెల్లని వెంట్రుకల కుచ్చులు. సెంటీమీటరు పొడవుంటుంది. జపనీస్ బీటిల్. మందార కుటుంబమంటే దీనికి మోజు, మన గోంగూర, బెండ రెండూ ఆ కుటుంబంవే. గులాబీ, ద్రాక్ష సరేసరి. ఆకుల మీద కనబడే ఈ పురుగూ గడ్డి కింద తెల్లగా ముడుచుకున్న పురుగూ ఒకటే ప్రాణి అని చాలామందికి తట్టదు. ఆకు మీద దానికి మందు కొట్టిన చేతులే అది రెండంగుళాల కింద పెట్టిపోయిన గుడ్లకి రోజూ స్ప్రింక్లరుతో నీళ్లు పడుతుంటాయి.

అమెరికాలో ఇది మొదట కంటబడింది న్యూజెర్సీలోనే. 1916 ఆగస్టులో డెలావేర్ నది ఒడ్డున రివర్టన్ ఊరి దగ్గర ఒక నర్సరీలో ఎడ్గర్ డికర్సన్, హ్యారీ వైస్ అనే ఇద్దరు రాష్ట్ర వ్యవసాయ శాఖ ఇన్‌స్పెక్టర్లు ఓ డజను పురుగుల్ని చూశారు. వాళ్లెరిగిన ఏ జాతికీ అవి సరిపోలేదు. జపాన్ నుంచి తెప్పించిన ఐరిస్ దుంపలకి అంటిన మట్టిలో, దిగుమతులకి తనిఖీ చట్టం రాకముందే, అంటే 1912కి ముందే, పిల్లపురుగులుగా వచ్చి ఉంటాయని ఊహ. జపాన్‌లో ఇది పెద్ద చీడ కాదు. అక్కడ దాన్ని తినే శత్రువులు ఎక్కువ, గుడ్లు పెట్టుకోవడానికి పచ్చిక మైదానాలు తక్కువ. న్యూజెర్సీలో రెండూ తలకిందులయ్యాయి. శత్రువు ఒక్కడూ లేడు, ఇంటింటికీ లాన్ ఉంది. పురుగుని నిర్మూలించాలని మొదటి ఏళ్లలో చేసిన ప్రయత్నాలు ఓడిపోయాయి. తర్వాత అక్కడి ప్రయోగశాలల్లో జరిగిన పని మాత్రం, నా దృష్టిలో, కీటకశాస్త్రంలో చేతిపనితనానికి ఒక ఉదాహరణ. అది చెప్పేముందు పురుగుని దగ్గరగా చూడాలి.

మట్టిలో దొరికిన తెల్ల పురుగులన్నీ ఒకటి కావు. అన్నిటికీ గోధుమరంగు తల, మూడు జతల కాళ్లు, అర్ధచంద్రంలా వంగిన తెల్లటి ఒళ్లు, లోపలి మట్టి కనబడేలా నల్లబడ్డ వెనక భాగం. వీటిని జాతి జాతిగా విడదీసే ఆనవాలు తలలో లేదు, తోక చివర ఉంది. పురుగుని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వెల్లకిలా పట్టుకుంటారు. తడివేలితో చివరి భాగం మట్టి తుడుస్తారు. మెల్లగా నొక్కితే చివర ఉబ్బి, చర్మం బిగుసుకుంటుంది. పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కంటికి ఆనించి, పురుగునే భూతద్దం దగ్గరికి తెస్తారు, వజ్రం చూసే షరాబు కూడా ఇలాగే పట్టుకుంటాడు. మలద్వారానికి కాస్త ముందు, పొట్ట వైపు, చిన్న చిన్న ముళ్లలాంటి వెంట్రుకలు కనబడతాయి. ఆ చోటుని రాస్టర్ అంటారు.

జపనీస్ బీటిల్ అయితే ఆ ముళ్లలో రెండు పొట్టి వరసలు ఇంగ్లీషు ‘వీ’ అక్షరంలా కలుస్తాయి. ఒక్కో వరసలో ఆరేడు ముళ్లు, అంతే. ఓరియంటల్ బీటిల్ అయితే రెండు వరసలూ కలవకుండా పక్కపక్కనే నడుస్తాయి. యూరోపియన్ చేఫర్‌లో వరసలు సమానంగా వచ్చి చివర్లో ఎడంగా విడిపోతాయి, పైగా మలద్వారం చీలిక ‘వై’ అక్షరంలా ఉంటుంది. ఏషియాటిక్ గార్డెన్ బీటిల్‌కి ఒకే వరస, అడ్డంగా, నెలవంక వంపుతో. మాస్క్‌డ్ చేఫర్ అనే దానికి అసలు వరసే ఉండదు, ముళ్లు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. గ్రీన్ జూన్ బీటిల్ పిల్లకి మాత్రం భూతద్దం అక్కర్లేదు. నేల మీద వదిలి చూస్తే కాళ్లుండగా వాటిని గాలిలో పెట్టుకుని, వీపు మీద పాకుతూ పోతుంది. ఇంకే పురుగూ అలా నడవదు, చూస్తే నవ్వాగదు.

పిల్లపురుగు మూడో దశకి వచ్చాక, అంటే సెప్టెంబరు నడిమికి, అంగుళం దాకా పెరిగితే ఈ వరసలు బాగా కనబడతాయి. చిన్నప్పుడు చూడాలంటే మైక్రోస్కోపు కావాలి. అనుభవమున్న ఇన్‌స్పెక్టర్లు ఒక్కో పురుగుని చూడటానికి కొన్ని క్షణాలే తీసుకుంటారు. ఎడమచెయ్యి పట్టుకుంటుంది, కుడిచెయ్యి తర్వాతిదాన్ని ఏరుతుంటుంది, నోరు పేరు చెబుతుంది, పక్కనున్నవాళ్లు రాసుకుంటారు.

ఇంత సూక్ష్మంగా చూడటం ఎందుకంటే, ఆరేడు ముళ్ల మీద డబ్బూ శ్రమా ఆధారపడి ఉన్నాయి. జపనీస్ బీటిల్ ఏడాదిలో ఒక తరం పూర్తి చేస్తుంది. మే బీటిళ్లనే ఇంకో గుంపులో చాలా జాతులకి మూడేళ్లు పడుతుంది, ఒకే పిల్ల రెండు వేసవులు వేళ్లు తింటుంది. యూరోపియన్ చేఫర్ చలిని లెక్కచెయ్యదు, మిగతావి లోతుకి దిగిపోయాక కూడా తింటూ ఉంటుంది, వసంతంలో ముందే పైకొస్తుంది. అందుకే దాని విషయంలో చదరపుటడుగుకి ఐదు కనబడ్డా జాగ్రత్తపడతారు. నీళ్లు బాగా అందుతున్న లాన్‌లో జపనీస్ బీటిల్ పిల్లలు ఎనిమిదీ పదీ ఉన్నా గడ్డి తట్టుకుంటుంది. రెండు మూడు కనబడ్డాయని దుకాణానికి పరుగెత్తనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి లాన్ కిందా ఎన్నో కొన్ని ఉంటాయి.

ఈ యూరోపియన్ చేఫర్ సంగతి తెలియాలంటే కెనడాలో వాంకూవర్ వైపు వెళ్లి చూడాలి. 2001లో న్యూ వెస్ట్‌మినిస్టర్‌లో బయటపడి చుట్టుపక్కల ఊళ్లకి పాకింది. చలికాలంలో అక్కడ వీధి వెంట నడిస్తే వరసగా ఇళ్ల ముందు పచ్చిక తిరగేసి కనబడుతుంది, ఒకవైపు కాకులు, మరోవైపు రకూన్లు.

గోల్ఫ్ మైదానాల్లో పార వాడరు. అక్కడ బంతి పడే గుంట కోసే గొట్టం ఉంటుంది, కప్ కట్టర్. గోల్ఫ్ గుంట వ్యాసం నాలుగుంపావు అంగుళాలు. ఆ గొట్టంతో మట్టి ముద్ద తీసి, అందులో పురుగులు లెక్కపెట్టి పదితో హెచ్చవేస్తే చదరపుటడుగుకి లెక్క వస్తుంది. చేసి చూసుకోవచ్చు: ఆ వృత్తం వైశాల్యం పద్నాలుగు చదరపుటంగుళాల పైచిలుకు, చదరపుటడుగుకి నూటనలభైనాలుగు. గుంట కోసే పనిముట్టు ఇలా పురుగుల తూనికరాయి కూడా అయింది. ముద్దని తిరిగి గుంటలో పెట్టేసి గట్టిగా తొక్కితే ఆడేవాళ్లకి ఏమీ తెలియదు. పార కోత కంటే దీంతో ఎక్కువ చోట్ల చూడవచ్చు. మైదానం మొత్తం పది అడుగులకో ముద్ద చొప్పున తీసి కాగితం మీద గుర్తుపెట్టుకుంటే, పురుగు ఎక్కడుందో పటం తయారవుతుంది. తర్వాత మందు అక్కడికే.

మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను, అందులో కళ తక్కువ, క్యాలెండరు ఎక్కువ. తల్లిపురుగు జూన్ చివర, జూలై మొదట్లో బయటికొస్తుంది. బతికినన్నాళ్లూ సాయంత్రాలు నేలలోకి దిగి కొద్దికొద్దిగా మొత్తం నలభై నుంచి అరవై దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు పొదగాలంటే మట్టిలో తడి పీల్చుకోవాలి. రెండు వారాలకి పిల్ల వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు తిండి. చలి పడగానే నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల లోతుకి దిగిపోయి, ఏప్రిల్లో మళ్లీ పైకొచ్చి కొన్ని వారాలు తిని, జూన్‌కి ప్యూపా అవుతుంది. ముందుగానే వేసే మందులు ఈ పిల్లలు పొదిగే వేళకి వేళ్ల దగ్గర ఉండాలి. మన వరి రైతుకి కొరాజెన్‌గా తెలిసిన క్లోరాంట్రానిలిప్రోల్ నెమ్మదిగా దిగుతుంది కనుక ఏప్రిల్, మే నెలల్లో వేస్తారు. కాన్ఫిడార్‌లో ఉండే ఇమిడాక్లోప్రిడ్ జూన్, జూలైలో వేసేవారు. లాన్‌లో పూసిన క్లోవర్ పూల ద్వారా అది తేనెటీగలకి చేరుతుంది. ఈ తరగతి మందుల్ని ఆరుబయట, వ్యవసాయేతర అవసరాలకి వాడటాన్ని న్యూజెర్సీ 2022లో చట్టం చేసి చాలామటుకు ఆపేసింది. పురుగు కనబడ్డాక వేసేవి వేరే ఉన్నాయి, అవి ఆగస్టు చివర, సెప్టెంబరులో, పిల్ల చిన్నగా ఉన్నప్పుడే పనిచేస్తాయి. ఏది వేసినా అరంగుళం నీళ్లు పెట్టి కిందికి దించాలి, గడ్డి మీదే ఆగిపోతే పురుగుకి చేరదు.

వసంతంలో పూలమడి తవ్వుతూ నాలుగు లావాటి పురుగుల్ని చూసి, కంగారుపడి, ఆ శనివారమే మందు కొని చల్లేవాళ్లు ఎంతమందో. దుకాణాలు కూడా సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర బస్తాలు పేర్చి పెడతాయి. ఆ పురుగులు తిండి ముగింపుకి వచ్చేశాయి, ఒళ్లు గట్టిపడింది, మందు వాటిని అంత తేలిగ్గా చంపదు. చేత్తో ఏరి పిట్టలకి వెయ్యడం మేలు. గోరింకల బంధువులు స్టార్లింగులు వసంతంలో గూళ్లలో పిల్లల్ని పెంచుతుంటాయి, వద్దనవు.

ఇక ప్రయోగశాలల పనికి వద్దాం. 1929లో హ్యాడన్‌ఫీల్డ్ దగ్గర టావిస్టాక్ గోల్ఫ్ మైదానంలో తవ్విన పురుగుల్లో కొన్ని చచ్చి ఉన్నాయి. చచ్చిన పురుగుని పారేయడం సహజం. ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసే రుడాల్ఫ్ గ్లేజర్ వాటిని కోసి చూశాడు. లోపల కంటికి ఆనీ ఆనని నులిపురుగులు కదులుతున్నాయి. ఆ నులిపురుగుకి తర్వాత ఆయన పేరే పెట్టారు. దాన్ని చూసి ఊరుకోలేదు, గాజుపాత్రలో ఆహారం మీద పెంచే పద్ధతి పట్టుకున్నాడు. పురుగుల్లో బతికే నులిపురుగుని పురుగు అక్కర్లేకుండా పెంచడం అదే మొదటిసారి. 1930లలో న్యూజెర్సీ పొలాల్లో, లాన్లలో వాటిని వదిలారు. ఈ నులిపురుగులు తమ పొట్టలో ఒక బాక్టీరియాని మోసుకెళ్లి వేరుపురుగు ఒంట్లో వదులుతాయని, చంపేది ప్రధానంగా ఆ బాక్టీరియానేనని 1960లలో గానీ తేలలేదు.

ఇప్పుడు లాన్‌కి అమ్మే నులిపురుగుల్లో ఎక్కువ పేరున్నది వేరే జాతి, హెటరోరాబ్డిటిస్. ఒక్కోటి అర మిల్లీమీటరు ఉంటుంది. తల దగ్గర ఒక పన్ను ఉంటుంది, దాంతో చర్మం గీరి లోపలికి దూరుతుంది. అది మోసుకొచ్చే బాక్టీరియా వల్ల చచ్చిన వేరుపురుగు ఇటుకరంగుకి తిరుగుతుంది. కటిక చీకట్లో కళ్లు అలవాటుపడేదాకా చూస్తే లేత వెలుగు కూడా కనబడుతుంది, ఆ బాక్టీరియా వెలుగిచ్చే జాతి. వాడేటప్పుడు మాత్రం వీటిని పురుగుమందులా చూస్తే చెడిపోతాయి. ప్రాణంతో ఉన్నవి, ఎండ తగిలితే నిమిషాల్లో చస్తాయి. సాయంత్రం పూట, ముందే తడిపిన నేల మీద, స్ప్రేయరు వడపోత జల్లెడ తీసేసి చల్లి, వెంటనే మళ్లీ నీళ్లు పెట్టాలి. మట్టి పదిహేను డిగ్రీల పైన వెచ్చగా ఉండాలి. డబ్బా తెచ్చి వారాలపాటు గరాజులో పెట్టేసి, పని చెయ్యలేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఆ ప్రయోగశాలల్లోనే పనిచేసిన శామ్సన్ డట్కీ పని. 1933లో మధ్య న్యూజెర్సీలో తవ్విన కొన్ని పిల్లపురుగులు మామూలు కంటే తెల్లగా కనబడ్డాయి. ఆరోగ్యంగా ఉన్న వేరుపురుగు రక్తం నీళ్లలా స్వచ్ఛంగా ఉంటుంది. కత్తెరతో ఒక కాలి చివర కత్తిరించి చుక్క గాజుపలక మీద పడనిస్తే తెలుస్తుంది. ఈ పురుగుల్లో ఆ చుక్క పాలలా ఉంది, అందుకే దీన్ని పాలతెగులు అంటారు. మైక్రోస్కోపు కింద పెడితే ఒక బాక్టీరియా సిద్ధబీజాలు కిక్కిరిసి ఉన్నాయి. ఒక్క పురుగులో రెండు వందల కోట్ల నుంచి ఐదు వందల కోట్ల దాకా. పురుగు చచ్చి కుళ్లితే అవన్నీ మట్టిలో కలిసి, తర్వాతి తరం పురుగు వేరుతోపాటు వాటినీ మింగుతుంది.

దీన్ని మందుగా చెయ్యడానికి ఒక చిక్కొచ్చింది. ఈ బాక్టీరియా ప్రయోగశాల ఆహారం మీద పెరిగినా సిద్ధబీజాలు సరిగా పెట్టదు, బతికున్న పురుగు రక్తంలోనే పెడుతుంది. కనుక డట్కీ బృందం పురుగునే పాత్రగా చేసుకుంది. లాన్లలోంచి వేరుపురుగుల్ని తవ్వి తెచ్చి, ఒక్కొక్కదాన్ని చేత్తో పట్టుకుని, సన్నని సూదితో పది లక్షల సిద్ధబీజాలున్న చుక్క ఎక్కించేవాళ్లు. వెచ్చని గదిలో, ముప్పై డిగ్రీల దగ్గర, పది పన్నెండు రోజులు ఉంచేవాళ్లు. ఒళ్లంతా పాలతెలుపయ్యాక నూరి, సుద్దపొడిలో కలిపి, గ్రాముకి పది కోట్ల సిద్ధబీజాలు ఉండేలా సరిచూసేవాళ్లు. పురుగు చర్మం పల్చన, సూది ఒక వెంట్రుకవాసి తప్పి పేగుకి తగిలితే పురుగు చస్తుంది, శ్రమ వృథా. అలా ఒక్కటొక్కటిగా, చేత్తో, లక్షల పురుగులు. 1939 నుంచి 1953 దాకా ప్రభుత్వాలు 14 తూర్పు రాష్ట్రాల్లో దాదాపు 1,94,000 చోట్ల ఈ పొడి వేయించాయి. చల్లడం కాదు, గజాల కొద్దీ దూరంలో గడ్డి మీద చెంచాడు చెంచాడు వేసుకుంటూ పోవడం. మిగతా పని పురుగులే చేసుకుంటాయి. 1948లో ఇది అమెరికాలో రిజిస్టరైన మొదటి సూక్ష్మజీవి పురుగుమందు అయింది.

1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకంలో రేచల్ కార్సన్ దీన్ని ఎత్తి చూపించింది. ఇల్లినాయిలోని షెల్డన్ ఊరి చుట్టూ ఇదే పురుగు మీద విమానాల్లోంచి డీల్డ్రిన్ చల్లి పిట్టల్ని, ఉడతల్ని, ఊరి పిల్లుల్ని చంపుకున్న కథ చెబుతూ, పాలతెగులు పొడి చేతిలో ఉండగా ఇదేం పని అని నిలదీసింది. ఆమె కోపం సబబే. కానీ ఇప్పుడు దుకాణంలో ఆ పొడి కొనేముందు ఇంకో మాట వినాలి. 1990లలో కెంటకీ విశ్వవిద్యాలయం పరిశోధకులు దుకాణపు పొళ్లని లాన్లలో వేసి చూస్తే పురుగుల సంఖ్య చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పైగా ఇది జపనీస్ బీటిల్‌కే పట్టే తెగులు. తోక చివర ‘వీ’ చూడకుండా, కింద ఉన్నది చేఫరో కాదో తెలియకుండా పొడి వేస్తే సుద్ద చల్లినట్టే. డట్కీ పనితనం మీద నా గౌరవం దీనివల్ల తగ్గలేదు. ఆ పొడి డబ్బా మీద రాసే హామీల మీద మాత్రం బాగా తగ్గింది.

జపాన్, కొరియాల నుంచి శత్రువుల్ని తెచ్చే పని 1920లలోనే మొదలైంది. కర్టిస్ క్లాసెన్, ఆయన తోటివాళ్లు అక్కడ పల్లెల్లో తిరిగి, వేరుపురుగుల్ని తవ్వి, వాటికి ఏమేం పడుతున్నాయో చూసి పంపేవాళ్లు. వాటిలో నిలదొక్కుకున్నవాటిలో ఒకటి టిఫియా అనే నల్లని చిన్న కందిరీగ. దాని పని చూస్తే మన సూదిపని చిన్నబోతుంది. ఆడ కందిరీగ వేరుపురుగు విసర్జన వాసన పట్టుకుని మట్టి తవ్వుకుంటూ పోతుంది. పురుగు దొరికితే కుట్టి, కాసేపు మాత్రమే కదలకుండా చేస్తుంది. ఆ కొన్ని నిమిషాల్లో పురుగు చర్మాన్ని దవడలతో నలిపి మెత్తబరిచి, రెండు ముడతల సందులో ఒకే ఒక గుడ్డు అతికిస్తుంది. ఏ ముడతలో అన్నది ఒకే జాతిలో మారదు గాక మారదు. ఒక జాతి ఎప్పుడూ పొట్టవైపు, ఇంకొకటి ఎప్పుడూ వీపువైపు. గుడ్డు ఉన్న చోటు చూసి కందిరీగ ఏదో చెప్పవచ్చు. తర్వాత పురుగు తేరుకుని మామూలుగా వేళ్లు తింటూ తిరుగుతుంది, ఒంటి మీద గుడ్డు పొదిగి దాన్ని తినడం మొదలయ్యేదాకా. చివరికి తల, కాళ్లే మిగులుతాయి. వసంతంలో ఎగిరే జాతి కందిరీగకి తిండి పేనుబంక కార్చిన తీపి జిగురు, పియొనీ మొగ్గల తేనె. అందుకని మేలో మేపుల్ ఆకుల మీద జిగురు కనబడగానే మందు కొట్టేస్తే నష్టపోయేది లాన్ కూడా.

మిగతా చిట్కాలు రెండు మూడు. పసుపుపచ్చ సంచీతో వేలాడదీసే వాసన ఎర ఉచ్చు కొనకండి. అది పట్టేవాటికంటే రప్పించేవి ఎక్కువ. మీ పెరటి కోసం కొన్నది వీధిలోని పురుగులన్నిటికీ పిలుపు. ఎవరికైనా బహుమతిగా ఇవ్వాలనిపిస్తే, పక్కింటాయన అంత కోపిష్ఠి కాకపోతే, ఆయనకివ్వండి. అడుగున పొడవాటి మేకులున్న చెప్పులు తొడుక్కుని లాన్ మీద నడవడం వింతగా కనిపిస్తుంది గానీ, కొలరాడోలో పరీక్షించినప్పుడు మూడు నుంచి ఐదుసార్లు అటూ ఇటూ నడిస్తే సగం పైగా పురుగులు చచ్చాయి. పురుగు పైకి వచ్చి ఉన్నప్పుడు, నేల తడిగా ఉన్నప్పుడు నడవాలి, మేకు వేళ్ల లోతు దాటాలి. జూలైలో గుడ్లు పెట్టే వారాల్లో లాన్‌కి నీళ్లు తగ్గించి, గడ్డి మూడు అంగుళాలకి తక్కువ కొట్టకుండా ఉంచితే గుడ్లు తక్కువ పడతాయి, పడ్డవి కొన్ని ఎండిపోతాయి. గడ్డి కాస్త పాలిపోతుంది, సెప్టెంబరులో తేరుకుంటుంది. నష్టపోయిన చోట విత్తనం వేసుకోవడానికీ సెప్టెంబరే మంచిది.

జూలైలో గోంగూర మీద పురుగుల్ని ఏరాలంటే పొద్దున్నే వెళ్లాలి. చలికి అప్పుడు ఎగరలేవు, సబ్బునీళ్ల గిన్నె ఆకు కింద పట్టి తడితే రాలి పడతాయి. పడేసేముందు ఒక్కోదాని మెడ వెనక చూడండి. అక్కడ గసగసంత తెల్లచుక్క ఉంటే ఆ పురుగుని వదిలేయాలి. 1922లో జపాన్ నుంచి తెచ్చిన ఒక ఈగ పెట్టిన గుడ్డు అది. ఒకరోజులో పిల్ల బయటికొచ్చి పెంకు తొలుచుకుని లోపలికి దిగుతుంది, మరో ఐదారు రోజుల్లో పురుగు చస్తుంది, ఈగ పిల్ల చచ్చిన ఒంట్లోనే పెరిగి వచ్చే వేసవికి ఎగురుతుంది. గిన్నెలో వేస్తే ఆ ఈగ కూడా పోతుంది.